సెలక్షన్ బంతి

నేను ఒక ఫుట్‌బాల్‌ని. ఎంత కొట్టినా గాలి నిలవని వయసు నాది. బీరువా మీద పడుకుని పగటికలలు కంటుంటాను. ఆ కలల్లో ఇద్దరు ఆడపిల్లలు పరిగెత్తుతూనే ఉంటారు.

జలంధర్‌లో ఒకావిడ తన ఇంటి వసారాలో కూర్చుని, ముప్ఫై రెండు ముక్కల్ని మైనం పట్టించిన దారంతో కుట్టి నాకు రూపమిచ్చింది. చివరి కుట్టు బిగించాక ఒక్క క్షణం చెంపకు ఆనించుకుంది. తర్వాత లారీలు, మూటలు, చీకటి. మళ్లీ వెలుగు చూసేసరికి అనంతపురం ఎండలో ఉన్నాను, ఒక మహిళా డిగ్రీ కాలేజీ మైదానంలో.

నా యజమానురాలు కల్పవల్లి మేడం, అక్కడి ఆటల టీచరు. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఆడిన మనిషి. మోకాలు దెబ్బతిన్నాక కొంచెం కుంటుతూ నడిచేది. ఏటా జూన్‌లో జట్టుకు కొత్త పిల్లల్ని ఎంచేటప్పుడే నన్ను బయటికి తీసేది. ఎంపికైన పిల్లకు చదువూ హాస్టలూ ఉచితం. మనుషులదో వింత. బియ్యం తూస్తారు, బంగారం తూస్తారు, అంతటితో ఆగక సాటి మనిషి గుణాన్ని కూడా తూయబోతారు. మేడం అందుకోసం మూడు రోజులు పెట్టుకునేది.

ఒక ఏడాది ఒక్క సీటే మిగిలింది. వడపోతలో ఇద్దరు తేలారు.

మధుమతిది కళ్యాణదుర్గం పక్క పల్లె. ఆ పిల్ల పాదం తగిలితే తన్నినట్టే ఉండేది కాదు, నిద్రలో ఎవరో జోకొట్టినట్టుండేది. తేలిపోయేదాన్ని. కింద మనుషులూ గోలుపోస్టులూ నీళ్లలో నీడల్లా కదిలేవి. ఓబులేశ్వరి ధర్మవరం నేతగాళ్ల పిల్ల. ఇంట్లో మగ్గం ఆగిపోయింది. ఈ సీటు రాకపోతే బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీకి పంపాలని ఇంట్లో అనుకున్నారు. డిఫెన్సులో నిలబడి బొటనవేలితో పొడిచినట్టు తన్నేది. నాకు నొప్పి పుట్టేది. దాచడమెందుకు, నా మనసు మధుమతి మీదే ఉండింది.

రెండో రోజు మేడం మైదానం చుట్టూ పది రౌండ్లు పరిగెత్తమంది. ఆరో రౌండులో మధుమతి ఆగిపోయి నీడకు పోయి కూర్చుంది.

"ఏం పాపా, కాలు పట్టిందా?" అంది మేడం.

"లేదు మేడం. బంతి లేకుండా ఉత్తగా పరిగెత్తాలంటే నాకు మనసు రాదు."

ఓబులేశ్వరి పదీ పూర్తి చేసింది, అందరికంటే వెనక.

మూడో రోజు రెండు జట్లుగా ఆడించింది. ఇంకా కొద్ది నిమిషాలుందనగా ఓబులేశ్వరి కాలికి రాసుకుని, ఆమె జట్టు గోలుపోస్టు పక్కగా నేను గోల్‌లైన్ దాటాను. విజిల్ పట్టుకున్న సీనియర్ పిల్ల అది చూడలేదు, బంతి ఓబులేశ్వరి జట్టుకే ఇచ్చింది. ఓబులేశ్వరి చెయ్యెత్తింది.

"నా కాలికి తగిలే పోయింది అక్కా. కార్నర్ వాళ్లదే."

మూల నుంచి కొట్టిన ఆ కార్నర్‌లోనే మధుమతి తలతో నన్ను వలలోకి నెట్టింది. ఓబులేశ్వరి జట్టు ఓడింది.

ఆ సాయంత్రం మేడం ఆటల గదిలో నన్ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. బొటనవేలు నా కుట్ల మీద తిరుగుతూనే ఉంది. తెల్లారి గోడకు అంటించిన కాగితం మీద ఓబులేశ్వరి పేరుంది.

ఆ పిల్ల సంతోషపడుతూ రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "మధుమతి నాకంటే బాగా ఆడతాది గదా మేడం. నన్నేమిటికి తీసుకుంటిరి?" అని అడిగింది.

మేడం నన్ను బీరువా మీద పెట్టింది. "ఓడిపోయిన రోజు పక్కన ఎవరుంటే బాగుంటాదో చూసుకున్న పాపా. తప్పో ఒప్పో నాకూ తెలీదు."

ఓబులేశ్వరి నా వైపు చూసింది. "అట్లయితే ఆదివారాలు ఆ బంతి నాకియ్యండి మేడం."

అలా నేను ఆదివారం చీకటితోనే ఓబులేశ్వరితో మధుమతి పల్లెకు బస్సెక్కాను. మొదటి ఆదివారం మధుమతి మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది.

"నా సీటు తీసుకుని, ఇప్పుడు జాలి చూపేదానికి వస్తివా?"

"జాలీ లేదు, గీలీ లేదు. నీతో ఆడితే నాకు ఆట వస్తాది. నాతో పరిగెత్తితే నీకు దమ్ము వస్తాది. లేమ్మే."

మధుమతి లేవలేదు. మూడో ఆదివారం లేచింది.

వేరుశనగ చేల మధ్య ఎర్రమట్టి దారి. పొద్దు పొడిచే వేళకు మంచు నేలను అంటిపెట్టుకుని ఉండేది. నన్ను గట్టున పెట్టి ఇద్దరూ పరిగెత్తేవాళ్లు. మంచులో కలిసిపోయి, మళ్లీ ఎక్కడో తేలేవాళ్లు. అడుగుల చప్పుడు దూరమై దగ్గరవుతుంటే నాకు మత్తుగా ఉండేది. ఎవరూ నన్ను తన్నకుండానే ఎగురుతున్నట్టుండేది. మనుషులు పరిగెత్తుతుంటే చూడడం కూడా ఒక సుఖమని ఆ గట్టు మీదే తెలుసుకున్నాను.

మరుసటి జూన్‌లో మధుమతి పది రౌండ్లూ ముగించి, పదకొండోది కూడా మొదలుపెట్టింది. మేడమే కేకేసి ఆపింది. ఆ ఏటి సీటు మధుమతిది.

ఇంకో ఏడాదికి యూనివర్సిటీ పోటీల ఫైనల్ వచ్చింది. మైదానంలోకి కొత్త బంతి దిగింది. నేను బెంచీ దగ్గర సంచిలో ఉండిపోయాను. ఓబులేశ్వరీ బయటే ఉండిపోయింది. ఆమెకంటే చురుకైన జూనియర్ ఒకతె జట్టులోకి వచ్చింది.

"ఈ పొద్దు నువ్వు బయటుండల్ల ఓబులేశ్వరీ," అంది మేడం.

"సరే మేడం," అంది ఓబులేశ్వరి. వెళ్లి ఆ జూనియర్ భుజం తట్టి, ఎదుటి జట్టులో ఎవరు ఏ కాలితో తన్నుతారో నెమ్మదిగా చెప్పింది. తర్వాత వచ్చి కూర్చుని, నన్ను సంచిలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఒక వెచ్చటి చుక్క నా తోలు మీద పడింది. అరచేత్తో తుడిచేసింది.

ఆట చివరిదాకా ఏ జట్టుకూ గోలు లేదు. అప్పుడు మధుమతి అందరినీ దాటుకుని పోయింది. వల ఊగింది. ఓబులేశ్వరి ఒక్క ఉదుటున లేచింది. నేను ఒళ్లోంచి జారి, దొర్లి, దుమ్ములో పడ్డాను. ఎవరూ చూడలేదు. నాకు కోపమూ రాలేదు. అక్కడే పడుకుని ఆ పిల్ల అరుపు విన్నాను. మైదానంలో గెలిచిన పదకొండు మందిలో ఎవరూ అంత గట్టిగా అరవలేదు.