ఒక్క కొమ్ము

“పంజరమంటే పంజరమే. పక్షిని పెట్టుకునేది. అందులో ఇంకేం ఉంటుందే?” టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ అందామె.

మూడు రోజులుగా ఇదే గొడవ. ‘కవితలోని పంజరం దేనికి ప్రతీక?’ అని కూతురి బళ్లో ప్రశ్న ఇచ్చారు.

“అది ఆ కవితలో అమ్మాయి ఇల్లమ్మా!”

“ఇల్లని రాస్తే కవికి సిరా అయిపోతుందా?”

“నీకు అచ్చుతప్పులు తప్ప ఏవీ కనిపించవు!”

చదువుతున్న పేపరు దించకుండానే భర్త నవ్వాడు.

“దాన్నేమీ అనకండర్రా,” అంది అత్తగారు. “మనకి సగం అన్నం పెడుతున్నది ఆ తప్పులే.”

ఇరవై రెండేళ్లుగా ఆమె ఒకే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతోంది. మందుల కరపత్రాలు, పాఠ్యపుస్తకాలు, బస్సుల వేళల పట్టికలు. కుడిచేతి మధ్యవేలు పెన్ను ఆనే చోట కాయ కాసింది. చేరిన రోజున పాత ప్రూఫ్‌రీడరు చెప్పాడు: “అర్థం జోలికి పోకు. అందులో పడితే అక్షరం తప్పించుకుంటుంది.” ఆమె పోలేదు.

ఆ ఉదయం ప్రూఫు చూసుకోవడానికి ఒక రిటైరైన నర్సు ప్రెస్సుకి వచ్చింది. అచ్చవుతున్న కవితలు ఆవిడవే. ‘అన్ని గదులూ మూసి, నీ కోసం ఒక్క తలుపు తెరిచి ఉంచాను’ అన్న పంక్తి మీద ఆవిడ వేలు ఆగింది.

“ఇక్కడ కొమ్ము ఎవరు పెట్టారమ్మా? నేను రాసింది తలపు.”

“నేనేనండి. తెరిచేది తలుపే కదా?”

“మా ఆయన పోయాడు. వీధి తలుపు తెరిస్తే వస్తాడా?” ఆవిడ మామూలుగానే అంది. “వస్తే నా తలపులోకే రావాలి. మీకు తలుపు వినిపించిందంటే సగం అందినట్టే. రెండూ వినిపించాలనే అలా రాశాను.”

ఆమె కొమ్ము కొట్టేసి, పక్కన ‘ఉన్నదున్నట్టే ఉంచాలి’ అని రాసింది.

తర్వాతి కవితలో తీగ మీద ఒక మగవాడి చొక్కా ఆరుతోంది. గాలికి చేతులు నిండి, మళ్లీ వాలిపోతున్నాయి. దాన్ని నాలుగుసార్లు చదివింది. డబ్బా మూత తీయనే లేదు.

సాయంత్రం ప్రెస్సు యజమాని ఆ పేజీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. “ఐదు తప్పులు వదిలేశారమ్మా. కవిత కాబట్టి సరిపోయింది. మందు కాగితంలో ఒక్క సున్నా పోతే మనిషే పోతాడు. కళ్లద్దాలు మార్పించుకోండి.”

కళ్లద్దాలు మొన్ననే మార్చింది. మందు కరపత్రం ముందేసుకుని చూసింది. ‘పిల్లలకు అందకుండా ఉంచండి’ అన్నచోట ఆగిపోయింది, పైన ఉన్న మోతాదుల వరస ఎప్పుడు దాటేసిందో తెలియలేదు. ఆ కాగితం యజమానికి తిరిగి ఇచ్చి, రెండు ముక్కలు చెప్పి బయటికి నడిచింది.

భోజనాల దగ్గర అందరికీ వడ్డించాక చెప్పింది.

“ప్రెస్సు మానేశాను.”

భర్త చేయి కంచంలోనే ఆగింది. “ఎవరైనా ఏమైనా అన్నారా?”

“లేదు. అక్షరాలు చూడమంటే చొక్కాలు కనిపిస్తున్నాయి. ఇంక ఆ పని నాకు రాదు.”

ఎవరూ నవ్వలేదు. కూతురు తల్లి వైపు కాస్త జరిగి కూర్చుంది.

తాళం వేసిన ప్రెస్సులో, కిటికీ పక్క ఆమె బల్ల మీద, ఇన్నేళ్లూ ఆమె వాడిన పిడి అరిగిన భూతద్దం ఒక్క అక్షరాన్ని పెద్దది చేసి పట్టుకుని ఉంది.