పలకని డబ్ల్యూ, ఎడమచేతి ఎస్తేరమ్మ

నేను ఒక సీసపు అక్షరాన్ని. పేరు డబ్ల్యూ. ఎత్తు, అచ్చువాళ్ల కొలతలో, పన్నెండు పాయింట్లు. నా మాటలో పాయింటెంతో మీరే తేల్చండి. హల్లుగా పుట్టి అచ్చు కోసం బతికినవాణ్ణి. మద్రాసు ఫౌండ్రీలో నన్ను పోతపోసి, పొట్లం కట్టి, రైలెక్కించి తెనాలిలో పానకాలరావు గారి ప్రెస్సుకు పంపారు. రాగానే నన్ను కేసులో ఇరికించారు. నేరమేం చెయ్యలేదు లెండి. అక్షరాలుండే గళ్ల చెక్కపెట్టెను అక్కడ కేసంటారు. ఆ కేసు ముప్పై ఏళ్లు నడిచింది. ఏ కేసయినా అంతే కదా!

తెలుగు ప్రెస్సులో ఇంగ్లీషు అక్షరానికి పనేముంటుంది? శుభలేఖ అడుగున 'విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్' అంటూ ముందు నేనే నిలబడేవాణ్ణి. ఊళ్లో ప్రతి పెళ్లికీ హాజరు, ఒక్క లడ్డూ రుచి తెలియదు.

నన్ను ఎత్తి నిలబెట్టే చెయ్యి ఎస్తేరమ్మది. ఆవిడ కంపోజిటరు. ఇంగ్లీషు ముక్క రాదు. ఆకారాన్ని బట్టి పోల్చుకునేది. కళ్లు కాగితం మీదుంటే కుడిచెయ్యి తనంతట తానే గడి వెతుక్కునేది. ఇరవై ఆరేళ్ల అలవాటు మరి.

ఒక వానాకాలం ఆవిడ ప్రెస్సు మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక వేళ్లు కదిలాయి గానీ మణికట్టు తిరగలేదు. పానకాలరావు గారు చెడ్డవారు కాదు, తొందరమనిషి.

"ఎస్తేరమ్మా, అనంతశయనం మేస్టారు ఇంగ్లీషు మాటల మీద చిన్న పుస్తకం రాసుకొచ్చారు. పది రోజుల్లో కంపోజు చేశావా, నీ చోటు నీదే. లేదా, మడతల బల్ల కాడికి పో. నేను కాదన్లా, నీ చెయ్యే కాదంటంది."

"చెయ్యి నాది గదయ్యా. దాంతో నేను మాట్లాడుకుంటాలే."

మడతల బల్ల అంటే పొద్దస్తమానం కరపత్రాలు మడతపెట్టడం. కూడుకు లోటుండదు. కానీ కంపోజిటర్ ఎస్తేరమ్మ అనే మనిషి ఇక ఉండదు.

ఆవిడ స్టిక్కును, అంటే అక్షరాలు పేర్చే ఇనప పట్టీని, కేసు అంచుకు కట్టేసి ఎడమచేత్తో ఎత్తడం మొదలుపెట్టింది. కొత్తకోడలు అత్తగారి వంటింట్లో ఉప్పు కోసం వెతికినట్టుంది ఎడమచేతి పని. కుడివైపు గడికి పోవలసింది ఎడమవైపుకు పోయేది. మొదటి ప్రూఫు చూసి మేస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఇది ఇంగ్లీషు కాదమ్మా, ఇంగ్లీషు మీద కసి."

నాలుగు రోజులు గడిచాయి. తేలినవి రెండే పేజీలు. ఐదో రోజు ఆవిడ మేస్టారి చేతిరాత ప్రతిని తేరిపార చూసింది.

"మేస్టారూ, ఈ రెండు కోరలదీ, పక్కన ఈ కొక్కేంలాంటిదీ ప్రతి మాటకీ ముందు కలిసే వత్తన్నాయి. చుట్టాలా ఏంటండీ?"

ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా ఏ క్లాసులోనూ రాని ప్రశ్న! మేస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"చుట్టాలేనమ్మా, డబ్ల్యూ, ఆర్. రింగ్ అంటే ఇక్కడ ఉంగరం కాదు, పిండటం. రెంచ్ అంటే మెలిపెట్టడం. రీత్ అంటే చుట్టిన పూలదండ. రిస్ట్ అంటే తిరిగే మణికట్టు. రాంగ్ అంటే ఇప్పుడు తప్పు గానీ, మొదట్లో వంకర. అన్నిట్లో మెలికే! పూర్వం ఆ డబ్ల్యూని నోరారా పలికేవాళ్లు, మనవాళ్లు 'వ్రాత' అన్నట్టు. మనం రాతలో వకారాన్ని సాగనంపాం. వాళ్లు పలకడం మానేసినా ఇంట్లోంచి పంపలేదు."

"తిరిగే మణికట్టా! నాది తిరగదు గదండీ," అని ఆవిడ ఫక్కున నవ్వింది. "ముందుముందు కూడా ఇట్టా గుంపులేనా?"

"గుంపులే. తర్వాతది జీ, ఎల్. గ్లో, గ్లాస్, గ్లాడ్. గ్లాడ్ అంటే నేడు సంతోషం, ఒకనాడు మెరుపు."

ఆవిడ వెంటనే కేసు మీదికి వంగింది. కేసులో నేనొక మూల, ఆర్ ఒక మూల. మమ్మల్ని ఏరి, ఒక చెక్క పట్టీ మీద జంటలుగా నిలబెట్టి, ఎడమచేతి పక్కన పెట్టుకుంది. ఇక మాట మొదలు వెతుక్కోనక్కర్లేదు. రెండేసి చొప్పున ఒక్క పట్టున ఎత్తడమే. అచ్చయిన పేజీ విప్పి అక్షరాలను మళ్లీ గళ్లకు చేర్చేటప్పుడు కూడా జంట విడదీయకుండా పట్టీ మీదికే చేర్చేది. మెలిక అయిపోగానే మెరుపు జంటలు వచ్చాయి. ఆ మిగిలిన సమయంలో ఎడమచెయ్యి తక్కిన గళ్ల దారి నేర్చుకుంది. మూగవాడికి జతా, ఆవిడకు గతీ దొరికాయి.

పదో రోజు మధ్యాహ్నం ఆఖరి ప్రూఫు మీద మేస్టారు దిద్దుబాటు లేకుండా సంతకం పెట్టారు. పానకాలరావు గారు దాన్ని రెండుసార్లు చూశారు. ఆయనకూ ఇంగ్లీషు రాదు, కానీ ఎర్రసిరా లేకపోవడం తెలుస్తుంది కదా.

"గళ్లు ఎడమచేతి వాటంగా మార్పించమంటావా, ఎస్తేరమ్మా?"

"వద్దయ్యా. ఇప్పుడే దారి నేర్చింది. మళ్లీ ఊరు మార్చబాకండి."

ఆ తర్వాత పదకొండేళ్లు ఆవిడ అక్కడే నిలబడి పనిచేసింది.

ఇవాళ ప్రెస్సు లేదు. గోనెసంచిలో పాత సీసంతో పాటు నేనున్నాను. రేపు కరిగిస్తారట. రేపల్లె జాలరి వలకు గుండునై ఏటిలో దిగుతానేమో. నా గొంతు అక్కడా ఎవరికీ వినపడదు, నాకేం కొత్త కాదు. ఎడమచేత్తో ఇవ్వడం, పుచ్చుకోవడం మర్యాద కాదంటారు మనుషులు. నన్ను అంత మర్యాదగా ఎత్తిన చెయ్యి మాత్రం అదొక్కటే.