బుల్లెమ్మకు కప్పిన రెయిన్‌కోటు

తెల్లవారకముందే పట్టుకున్న వాన, యాభై కిలోమీటర్ల గుర్రపు స్వారీ సగానికి వచ్చినా తెరిపివ్వలేదు. కోడలు, దారి మధ్యలో గుర్రాలకు వైద్యపరీక్ష చేసే తనిఖీ డేరా కింద రెండు బకెట్ల నీళ్లు సిద్ధంగా పెట్టుకుని, కళ్లు కాయలు కాసేలా దారికేసి చూస్తోంది. గుండెలకు కట్టుకున్న చంటివాడి పాదాలు చల్లబడ్డాయేమోనని ఐదు నిమిషాలకోసారి తడుముతోంది.

స్వారీలో ఉన్నది అత్తగారు. వయసు యాభై ఎనిమిది. ఎక్కింది బుల్లెమ్మ అనే ముసలి గుర్రాన్ని. దూరపు స్వారీల్లో దానికిదే ఆఖరిది. ఇన్నేళ్లలో మొదలుపెట్టిన ఏ స్వారీనీ అది మధ్యలో వదల్లేదు. ఈ ఒక్కటీ అలాగే గట్టెక్కాలి.

"గాబరా పడకమ్మా. నీ గుండె దడ ఇక్కడిదాకా వినిపిస్తోంది. నేను గుర్రాలవే చూస్తాను," అన్నాడు పశువుల డాక్టరు.

ఇంతలో బురదలోంచి బుల్లెమ్మ తేలింది. వేసవంతా సాధనలో, అది రాగానే ఒళ్లంతా నీళ్లు గుమ్మరించి చల్లబరచడం కోడలి పని. చేతులు అలవాటు కొద్దీ లేచాయి. బకెట్టెడు నీళ్లు వెనక తొడల మీద పడ్డాయి. గుర్రం గజగజ వణికింది.

డాక్టరు గుండె విన్నాడు. బాగుంది. పరిగెత్తించి చూశాడు. వెనక కాలు ఈడుస్తోంది.

"ఇంత చలిలో తొడల మీద నీళ్లేంటి? కండ పట్టేసింది. పావుగంటలో మళ్లీ చూస్తా. అప్పటికీ కుంటితే ఇక ఇంటికే."

"ఎవరు పోశారు?" అంది అత్తగారు.

కోడలు ఖాళీ బకెట్టు కింద పెట్టింది. "నేనే అత్తయ్యా."

అత్తగారు ఒంటిమీది రెయిన్‌కోటు విప్పి గుర్రం వెనక భాగం మీద కప్పింది. "వేసవిలో పొయ్యమని నేర్పిందాన్ని, చలిలో వద్దని చెప్పకపోవడం నా బుర్రతక్కువ. ముందు ఆ కాలు రుద్దు. ఏడుపుదేముంది, తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని."

ఇద్దరూ చెరో పక్కన చేరి చేతులు పడిపోయేలా రుద్దారు. ఆ ఊపుకి చంటివాడు హాయిగా నిద్రపోయాడు. పావుగంటకు కండ సడలింది. స్వారీ కొనసాగించమన్నాడు డాక్టరు. కోటు మాత్రం గుర్రం మీదే ఉంది.

"మరి మీకో అత్తయ్యా?"

"నేనేమన్నా ఉప్పుబొమ్మనా, కరిగిపోడానికి?"

మిగతా సగం చుట్టి మళ్లీ ఈ డేరాకే చేరాలి, గడువు సాయంత్రం నాలుగు గంటలు. మిగతావాళ్లు ఒక్కొక్కరే చేరుకున్నారు. చివరగా వచ్చినాయన, "మీ అత్తగారు దిగి నడుస్తున్నారమ్మా, గుర్రం కాలు మీద బరువు పడకూడదట. ఎక్కి రండి, చలికి బిగుసుకుపోతారంటే నన్నే కసిరారు," అన్నాడు.

గడువుకు ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా ఆవిడ కనబడింది. మోకాళ్ల దాకా బురద, పెదాలు నీలం. పక్కనే కోటు కప్పుకుని పెళ్లికూతురిలా బుల్లెమ్మ. కోడలు కళ్లార్పకుండా చూసింది. ఇలాంటి మనిషి ఇంట్లో తను రెండేళ్లుగా ఉంటోంది!

డాక్టరు మళ్లీ బుల్లెమ్మ గుండె విన్నాడు, లెక్క సరిపోయింది. ఇక కుంటడం లేదని పరిగెత్తించి చూపించాలి.

"నా మోకాళ్లు సమ్మె కట్టాయే. నువ్వు పరిగెత్తించు."

"నేనా? మళ్లీ ఏం పాడుచేస్తానో..."

"వాణ్ణిలా ఇవ్వు. తడుస్తాడని చూడకు, తువ్వాలు చుట్టుకుంటాలే."

కోడలు వాణ్ణి అప్పగించి కళ్లెం అందుకుంది. వానలోకి పరిగెత్తింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు, చెవులే అప్పగించింది. చపక్, చపక్, చపక్, చపక్. నాలుగు కాళ్లూ ఒకే తూకంగా పడుతున్నాయి. తిరిగి వచ్చేసరికి డాక్టరు కాగితం మీద సంతకం పెట్టేస్తున్నాడు.

"పూర్తి చేసింది," అన్నాడు.

"చూశావట్రా, మీ అమ్మ పరుగు!" అంది అత్తగారు, పళ్లు టకటకలాడుతుంటే.

కోడలు తన ఉన్ని శాలువా తీసి ఆవిడకు చుట్టబెట్టింది. మిగిలిన రెండో బకెట్టు తెచ్చి, ఈసారి బుల్లెమ్మ మూతి ముందు పెట్టింది.