పై బిరడా గొప్పలు

నేను ఒక ఇనుప బిరడాను. కారు గేర్‌బాక్సుకి పక్కవైపున, ముందు చక్రం వెనక చీకట్లో బిగించి ఉంటాను. నన్ను విప్పి, నా కన్నంలోంచే గేర్ ఆయిల్ పోయాలి. పోసిన నూనె నా గడప దాకా వచ్చి బయటికి తొణికితే సరిపోయినట్టు లెక్క. అంటే దారీ నేనే, కొలతా నేనే. ఇంత పదవిలో ఉన్నవాడు కాస్త మిడిసిపడితే తప్పు వాడిది కాదు, పదవిది.

నాకో తమ్ముడున్నాడు. గేర్‌బాక్సు అడుగున ఉంటాడు. వాణ్ణి విప్పితే పాత నూనె కిందికి కారిపోతుంది. వాడి మొనకి చిన్న అయస్కాంతం ఉంది. పళ్ళచక్రాల నుంచి రాలిన ఇనుప రజనంతా ఒంటికి పూసుకుని కూర్చుంటాడు. వాడిది చెత్త ఎత్తే పని, నాది పెత్తనం అని చాలాకాలం అనుకున్నాను. ఇద్దరం ఒకే కార్ఖానాలో, ఒకే ఇనుప కడ్డీలోంచి పుట్టామన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు.

మా మొదటి యజమాని పిల్లల డాక్టరు. ఆయన కారు సర్వీసింగుకి ఇస్తే, షెడ్డులో కుర్చీ దిగని పెద్దమనిషి ఒకడు దూరం నుంచే చూసి "గేర్ ఆయిల్ బ్రహ్మాండంగా ఉంది సార్" అనేవాడు. నన్ను విప్పకుండానే లోపలి సంగతి తెలిసిపోయే ఆ దివ్యదృష్టికి నేను కూడా ఆశ్చర్యపోయేవాణ్ణి. తర్వాత చేపల చెరువుల ఆసామి ఒకాయన కొన్నాడు. ఆయన కారుకి రంగు వేయిస్తే ఆ రంగు నా మీదా పడింది. పట్టాభిషేకం చేశారనుకుని పొంగిపోయాను. తర్వాత తెలిసింది, ఆ రంగూ కొల్లేటి తడీ కలిసి నన్ను గేర్‌బాక్సుకి అతికించేశాయని. కదల్లేకపోవడాన్ని నేను చాలా ఏళ్ళు గాంభీర్యం అనుకున్నాను.

అలా అతుక్కుపోయి ఏలూరులో హైమావతి ఇంటికొచ్చాను.

హైమావతి టైపు నేర్పేది. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఆమె కొన్నాళ్ళు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదట. నేర్పడం ఒక్కటే తనకి వచ్చిన విద్య, నేర్చుకునేవాళ్ళు లేకపోతే తనెవరో తనకే తెలియడం లేదని భర్తతో అనడం నేను చెవులారా విన్నాను. ఆ బెంగలోంచే పుట్టింది ఈ ఆలోచన: ఆడవాళ్ళకి కారు నేర్పాలి. లైసెన్సులూ అనుమతులూ అన్నీ తెచ్చుకుంది, గేటుకి బోర్డు కట్టించింది. విజయదశమి నాడు ఉదయం మొదటి పాఠం. మొదటి శిష్యురాలు ఎదురింటి వరాలమ్మగారు. అరవై దాటాక కారు నేర్చుకుంటానని ముందుకొచ్చిన ఒకే ఒక్క మనిషి. ఆవిడ వెనక్కి తగ్గితే వీధిలో ఇంకెవరూ రారని హైమావతికి బాగా తెలుసు.

చిక్కల్లా రెండో గేరుతో వచ్చింది. వేసినప్పుడల్లా కరకరమంటూ ఏడ్చేది. షెడ్డుకి తీసుకెళదామని ఆమె అంటే, భర్త ప్రభాకరం "నేనుండగా మెకానిక్కెందుకు హైమా, ఆయిల్ మారిస్తే సరిపోతుంది" అన్నాడు. ప్రభాకరం కాలేజీలో లైబ్రేరియన్. పని మొదలుపెట్టే ముందు దాని గురించి అంతా చదవడం ఆయన అలవాటు. చదువుతూనే ఉన్నాడు. వీడియోలు చూస్తూనే ఉన్నాడు. మహర్నవమి వచ్చేసింది.

ఆ పొద్దున హైమావతి ఇంట్లో పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి పీట మీద పేర్చింది. కత్తిపీట, కుట్టుమిషను కత్తెర, పానాల పెట్టె మొత్తం. ఆయుధపూజ చేసింది. దశమి నాడు ఉద్వాసన చెప్పేదాకా వాటిని ముట్టుకోకూడదు. సరిగ్గా అప్పుడు మా ప్రభాకరానికి ఉత్సాహం వచ్చింది. ఊళ్ళో షెడ్లన్నీ పూజలో ఉన్నాయి. ఇంట్లో పూజ తప్పించుకున్నవి రెండే, డిక్కీలో ఉండిపోయిన జాకీ, ఒక స్క్రూ స్పానరు. ఆ స్పానరు నోరు ఎంతకి కావాలంటే అంతకి తెరుచుకుంటుంది గానీ దేన్నీ గట్టిగా పట్టుకోదు.

కారు ఎత్తి, కింద రాతి దిమ్మెలు పెట్టి, దూరాడు. ముందు తమ్ముణ్ణి విప్పాడు. వాడు బుద్ధిమంతుడు, ఇట్టే వచ్చేశాడు. నల్లటి నూనె బేసిన్లోకి దిగింది. ప్రభాకరం తమ్ముణ్ణి తుడిచి, మళ్ళీ బిగించి, ఈల వేసుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

నేను కదల్లేదు. రెండో పట్టుకీ కదల్లేదు. మూడోసారి స్పానరు నోరు వంకరపోయి, జారి నా మూల ఒకటి చెక్కేసింది. నిజం చెబుతున్నాను, అప్పుడు భయపడ్డాను. ఆరు మూలలుంటేనే నేను బిరడాను. అవి అరిగిపోతే నన్ను కోసి పారేస్తారు. భయంలోనూ బింకం వదల్లేదు, నేను లేనిదే ఈ కారులోకి చుక్క నూనె కూడా పోదు కదా అనుకున్నాను.

హైమావతి వచ్చి వంగి చూసింది. బేసిన్లో నూనె, చేతిలో వంకర స్పానరు. అంతా అర్థమైంది.

"ఏవండీ, పైది వస్తుందో రాదో చూసుకోకుండా కిందిది ఎందుకు తీశారు?"

"పాతది పోతేనే గదా కొత్తది పోసేది."

"ఇప్పుడు పోయండి మరి."

ప్రభాకరం బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నూనె లేకుండా కారు కదిలిస్తే లోపలి చక్రాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. అది ఇద్దరికీ తెలుసు.

"పెట్టెలో సరైన పానా ఉంది హైమా. అదొక్కటీ తీసుకుంటే దేవుడేమంటాడు?"

"దేవుడేమనడు. నేనంటాను. వారం నుంచి పెట్టె మీ కళ్ళెదురుగానే ఉంది."

ఆమె గేటు దగ్గర అరుగు మీద కూర్చుని బోర్డు వైపు చూసింది. "రేపు వరాలమ్మగారు కొత్తచీర కట్టుకుని వస్తారండీ. ఆవిడకేం చెప్పను?" ప్రభాకరం తల దించుకున్నాడు. నేనూ సిగ్గుపడ్డాను. ఒక మనిషి బతుకు మళ్ళీ మొదలవబోతుంటే అడ్డం కూర్చుని దాన్ని బలమని చెప్పుకుంటున్న ఇనుపముక్కని నేను.

కాసేపటికి హైమావతి దిగ్గున లేచింది. బానెట్ ఎత్తింది. "పోయిన వర్షాల్లో స్పీడు ముల్లు ఆడలేదని, గేర్‌బాక్సు నుంచి దానికి వచ్చే తీగ ఊడదీశారు గుర్తుందా? దాని మొదట్లో నా వేళ్ళకి నూనె అంటుకుంది. లోపలి నూనె బయటికొచ్చిందంటే, బయటిది లోపలికీ పోతుంది."

ఆ తీగ మొదట్లో ఉన్న చిన్న బోల్టు వంకర స్పానరుకే ఊడింది. కింద కన్నం కనిపించింది. నీళ్ళ పైపు ముక్క, వంటింటి గరాటు వచ్చాయి. కారుతో వచ్చిన పుస్తకంలో రాసినంత నూనె చల్లగా, హాయిగా, నాతో మాటైనా చెప్పకుండా గేర్‌బాక్సులోకి దిగిపోయింది. ఇన్నేళ్ళ నా పెత్తనం ఒక గరాటుతో తీరిపోయింది. అడుగున తమ్ముడు నవ్వాడేమో, నేను అటు చూడలేదు.

దశమి పొద్దున పీటకి ఉద్వాసన చెప్పారు. టైర్ల కింద నిమ్మకాయలు చితికాయి. వరాలమ్మగారు నిజంగానే కొత్తచీరలో వచ్చి, స్టీరింగు ముట్టుకుని కళ్ళకద్దుకుని కూర్చున్నారు. మైదానంలో చాలా చుట్లు తిప్పారు. రెండో గేరు పడ్డప్పుడు చప్పుడే లేదు.

"పడిందా హైమమ్మా?"

"పడిందండీ."

"మరి తెలీలేదేం?"

హైమావతి నవ్వింది. ఇంటికొచ్చాక ఆవిడని పోనివ్వలేదు. "పాఠం ఇంకా అవలేదు. కారు ఒళ్ళు వేడిగా ఉంది, వేడికి పట్టు సడలుతుంది, ఇదే అదను" అంటూ చక్రాలకి దిమ్మెలు వేసి, కుంకుమ ఇంకా చెరగని సరైన పానా తీసుకుని నా దగ్గరికొచ్చింది. ఆ పానా నన్ను ఆరు వైపులా నిండుగా పట్టుకుంది. ఒక్క గుంజు. వచ్చేశాను.

నా గడప మీంచి సన్నగా నూనె తొణికింది. కొలత సరిపోయింది. "హమ్మయ్య" అన్నాడు ప్రభాకరం, నిన్నటి నుంచి ఊపిరి బిగబట్టినట్టు.

హైమావతి నన్ను వరాలమ్మగారి అరచేతిలో పెట్టింది. "కారు మనదైతే దీన్నీ తెలుసుకోవాలండీ. ముందు పైది విప్పి చూడాలి. ఆ తర్వాతే కిందిది." ఆవిడ నన్ను తిప్పి తిప్పి చూసి, చెక్కుకుపోయిన మూల దగ్గర ఆగి, "పాపం, దీనికెవరూ బొట్టు పెట్టలేదే" అని తన నుదుటి కుంకుమే కాస్త తీసి అద్దారు.

ఇప్పుడు హైమావతి దగ్గర శిష్యురాళ్ళు బోలెడుమంది. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా నన్ను విప్పి చూపిస్తారు. గేటు దగ్గర నిలబడి ప్రభాకరం "ముందు పైది విప్పాలండీ, అదే అసలు సూత్రం" అని పుట్టుకతోనే తెలిసినట్టు చెబుతుంటాడు. ఆయన్ని చూసి నవ్వే హక్కు నాకు లేదు. ఆ రోజు నా అంతట నేనే ఊడి వచ్చానని తమ్ముడితో చెప్పుకుంటున్నాను.