తెగని పసుపుదారం

మునివెంకటప్పను ఆంబులెన్సు ఎక్కించి పంపిన అరగంటకే మేనేజరు శ్రీనివాసమూర్తి ఆ నేల కడిగించాడు. కడిగిన మనిషి లక్ష్మీనరసమ్మ. చీపురు చేతికిచ్చి కడగమన్నారు, కడిగింది. నేలకు అంటుకున్నది ఏమిటో చూడకుండా తల పక్కకు తిప్పుకుని నీళ్ళు కొట్టింది. ఆమె కడుగుతుండగానే అవతల ఇనుప బండ్లు బయటికి లాగారు. డబ్బాలు చల్లార్చారు, తుడిచారు, లేబుళ్ళ గదికి తోశారు. మనిషిని ఉడకబెట్టిన ఆవిరే ఆ డబ్బాలనూ ఉడకబెట్టింది. మనిషి సంగతి తర్వాత చూసుకోవచ్చు గానీ సరుకు మాత్రం సాయంత్రానికి లారీ ఎక్కాలి.

చింతామణి నుంచి బాగేపల్లి పోయే రోడ్డుమీద ఉంది ఆ కంపెనీ. లేత బేబీకార్న్‌ను ఉప్పునీళ్ళతో డబ్బాల్లో పెట్టి పై దేశాలకు పంపుతుంది. పొద్దున్నే టెంపోల్లో నిలబడి వచ్చే నూట ఇరవై మంది ఆడవాళ్ళు పొట్టు ఒలుస్తారు, పీచు తీస్తారు, డబ్బాలు నింపుతారు. మూతలు బిగించిన డబ్బాలను బండ్లలో పేర్చి, ఒక పెద్ద ఇనుప పీపాలోకి తోసి, తలుపు బిగించి, లోపలికి ఆవిరి వదులుతారు. కాగితాలమీద దాని పేరు రిటార్ట్. ఆడవాళ్ళు ఆవిరిపెట్టె అంటారు. తలుపు తియ్యాలంటే ఒక చక్రం తిప్పాలి. చక్రం పక్కనే జానెడు పిడి ఒకటి ఉంటుంది. దాన్ని లాగితే చిన్న బెజ్జం తెరుచుకుంటుంది. లోపల ఇంకా ఆవిరి మిగిలుంటే ఈల వేస్తుంది. ఆ ఈల ఆగిందాకా తలుపు జోలికి పోకూడదు.

ఆ పొద్దు ఈల లేదు. పదేళ్ళుగా ఆ పెట్టె నడిపిన మునివెంకటప్ప ఎప్పటిలాగే చక్రం తిప్పాడు. తలుపు ఆయన్ను ఎత్తి గోడకేసి కొట్టింది. వెనకే ఆవిరి వచ్చింది. బెంగళూరు ఆస్పత్రిలో ఒంటిమీద బట్ట కూడా ఓర్వలేని నొప్పితో మూడు రోజులు ఉండి చనిపోయాడు.

నాలుగో రోజు మేనేజరు ఆడవాళ్ళందరినీ భోజనాల షెడ్డులో నిలబెట్టాడు. చేతిలో కాగితం ఉంది. కంపెనీ తనిఖీ చేయించిందట. పిడికి ఎవరో పసుపుదారం కట్టారట. దాంతో పిడి బిగుసుకుపోయి ఆవిరి బయటికి పోలేదట. మిషన్‌లో లోపం లేదు, కంపెనీలో లోపం లేదు, లోపమంతా ఆడవాళ్ళ మూఢనమ్మకంలో ఉంది. ఆయుధపూజ నాడు ఆ పెట్టె ముందర బూడిద గుమ్మడికాయ కొట్టింది ఈ శ్రీనివాసమూర్తే. బొరుగులూ బెల్లమూ పంచిందీ ఆయనే. నలభై రోజులకల్లా పెద్దమనిషికి జ్ఞానోదయం అయిపోయింది.

"దారం కట్టింది ఎవరో మీకందరికీ తెలుసు," అన్నాడు. "కట్టంగా చూసినామని సహి చెయ్యండి. సోమవారం క్రేన్ వస్తాది, పాత మిషన్ తీసి కొత్తది పెడతాం. సహి చేసినోళ్ళకే దానిమీద పని."

నూట పంతొమ్మిది మంది కళ్ళు లక్ష్మీనరసమ్మ మీదికి తిరిగాయి. కట్టింది ఆమే.

ఆమె చెయ్యి మంచిదని అందరికీ నమ్మకం. అందుకే ఆయుధపూజ నాడు పసుపుకొమ్ము ముడివేసిన దారం తెచ్చి ఆమె చేతికే ఇచ్చారు. చక్రానికి కడదామనుకుంది. చక్రం తిప్పిన మొదటిసారే అది తెగిపోతుంది. పసుపుదారం తెగిందంటే ఏ ఆడమనిషికి గుండె జల్లుమనదు? తలుపు గొళ్ళేనికి కడదామనుకుంది, అదీ కదిలేదే. వెతికి వెతికి పిడినీ దాని పక్కనున్న గొట్టాన్నీ కలిపి కట్టి మూడు ముళ్ళు వేసింది. ఆ మూడు ముళ్ళే ఇప్పుడు ఒక మనిషి ప్రాణం తీశాయని కాగితం చెబుతోంది. కాగితంమీద అచ్చు అక్షరాలు, కింద ఇంజనీరు సంతకం. ఐదో తరగతిలో బడి మానేసిన లక్ష్మీనరసమ్మ నమ్మేసింది. ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగలేదు.

మరునాడు మునివెంకటప్ప ఊరికి నడిచి వెళ్ళింది. ఆయన భార్య తిమ్మక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లక్ష్మీనరసమ్మ ఆమె కాళ్ళు పట్టుకుని, దారం తానే కట్టానని, మంచి జరగాలనే కట్టానని చెప్పుకుంది. తిమ్మక్క తిట్టలేదు, తొయ్యలేదు. ఒక్క మాట అడిగింది.

"ఆయప్ప నీకేం చేసినాడమ్మా?"

తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి వచ్చే దారంతా ఆ మాటే చెవుల్లో మోగింది. తానే స్టేషనుకు పోయి ఒప్పుకోవాలని, ఆ తర్వాత బతికినా చచ్చినా ఒకటేనని అనుకుంది. టెంపోలో ఆమె పక్కన ఇప్పుడు ఎవరూ నిలబడడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం చిక్కమ్మ ఇంటి ముందున్న రాగికళ్ళంలో మీటింగు పెట్టారు. చిక్కమ్మ డబ్బాలు నింపేచోట అందరికంటే పెద్దది, నోరు కూడా పెద్దదే. బాగేపల్లి నుంచి కార్మిక సంఘం మనిషి అంబరీష్‌ను పిలిపించింది ఆమే. ఆ కంపెనీలో సంఘం పెట్టించాలని అంతకుముందు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ గేటు దగ్గరే మెడపట్టి గెంటించుకున్న మనిషి అతను. అరవై మంది దాకా వచ్చారు. తక్కినవాళ్ళు భయపడి రాలేదు. వచ్చినవాళ్ళలోనూ సగం మంది, సహి చెయ్యడానికి ఎవరైనా ధైర్యం చెబుతారేమోనని వచ్చినవాళ్ళే.

వాళ్ళను తప్పుపట్టడం సులభం. వానలు లేని నేలలో, వెయ్యి అడుగులు తవ్వినా తడి తగలని బోర్లు ఇంటికొకటి పెట్టుకుని, ఆ కంపెనీ టెంపో రాకపోతే పొయ్యి వెలగని ఇళ్ళవి. మాటలు అడ్డదిడ్డంగా సాగాయి. పోయినాయన ఎట్లాగూ తిరిగిరాడని ఒకామె అంది. కట్టిన మాట నిజమే అయినప్పుడు చూశామని చెప్పడంలో పాపం ఏముందని ఇంకొకామె అడిగింది. చిక్కమ్మకు ఒళ్ళు మండింది.

"ఈ పొద్దు ఈమెను పట్టిచ్చి పని నిలబెట్టుకుంటారు. రేపు మీలో ఒకతెను అడిగితే ఎవురు అడ్డం వస్తారే?"

అంబరీష్ అందరినీ కూర్చోబెట్టి ఒక ఉపాయం చెప్పాడు. దారం మాటే ఎత్తొద్దు. ఎవరూ కట్టలేదు, ఎవరూ చూడలేదు అని అందరూ ఒకే మాటమీద నిలబడితే కంపెనీ ఏమీ చెయ్యలేదు. సంఘం మనిషయినా తప్పు చెయ్యకుండా ఉండడు. అతనూ ఆ కాగితాన్నే నమ్మి, దాన్ని ఎలా దాటాలా అని చూస్తున్నాడు.

లక్ష్మీనరసమ్మ లేచి నిలబడింది.

"అబద్ధం చెప్పనప్పా. నేనే కట్టినా. చక్రానికి కడితే తెగిపోతాదని పిడికి కట్టినా. అది ఎప్పుడూ కదలదు, దానికైతే దారం నిలుస్తాదని..."

మాట మధ్యలో ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది.

ఎనిమిదేళ్ళ కిందట, కొత్తగా పనిలో చేరినప్పుడు, మునివెంకటప్ప ఆ పెట్టె చూపించి చెప్పిన మాట ఆమెకు గుర్తొచ్చింది. పిడి లాగందే చక్రం తిరగదు పాపా, రెండిటినీ లోపల కడ్డీతో కలిపినారు, మనం మరిచినా అది మరవదు అన్నాడు. ఆ రోజుల్లో ఈల షెడ్డంతా వినిపించేది. ఈల వింటే టీ వేళ అయిందని తెలిసేది. ఆ ఈల విని ఎన్నాళ్ళయింది?

"దినానికి ఆరుసార్లు తలుపు తీసినారు," అంది నెమ్మదిగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "నలభై దినాలు. నా దారం తెగలేదు. నా దారం పిడిని పట్టుకోనుంటే చక్రం తిరగనే కూడదు కదా. ఎట్ల తిరిగింది?"

లేబుళ్ళ గదిలో పనిచేసే సుమ పీయూసీ దాకా చదివిన పిల్ల. అందరికంటే ముందు లేచింది ఆ పిల్లే.

"ఇంగోసారి చెప్పక్కా," అంది. "అందరికీ ఇనపడేట్ల చెప్పు."

ఇంకోసారి చెప్పింది. చెబుతుంటే ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట రోజుకు నాలుగుసార్లు నిండే పెట్టెను ఆరుసార్లు నింపాలని మేనేజరు ఆర్డరేశాడు. ఈల ఆగిందాకా నిలబడితే ఆరు కావు. ఒక ఆదివారం బయటి మెకానిక్ ఎవరో వచ్చి పోయాడు. సోమవారం నుంచి ఈల లేదు. మునివెంకటప్ప మెటికలతో తలుపు తట్టి, చెవి ఆనించి విని, అప్పుడు తీసేవాడు. పూజ నాడు లక్ష్మీనరసమ్మ ముళ్ళు వేస్తుంటే చూసి నవ్వి, "కట్టు పాపా, అది ఎట్లాగూ కదిలేది కాదు," అన్నాడు. ఆ నవ్వేమిటని ఎవరూ అడగలేదు. నూట ఇరవై మందీ ఈల ఆగడం విన్నారు, ఎందుకు ఆగిందని ఒక్కరూ అడగలేదు. ఆ మాట ఒప్పుకుని లక్ష్మీనరసమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నాలుగు రోజులుగా రాని ఏడుపు అది.

అంబరీష్ తల దించుకున్నాడు. తాను దాచెయ్యమన్నదే సాక్ష్యమని ఒప్పుకున్నాడు. తర్వాత ఒకటే మాట అడిగాడు. దారం ఇప్పుడు ఎక్కడుంది? పిడికే ఉంది. పిడి పెట్టెకే ఉంది. పెట్టె రేపు పొద్దున క్రేన్ మీద పోతుంది.

సోమవారం ఎప్పటిలాగే టెంపోలు దిగారు. తలలకు టోపీలు పెట్టుకున్నారు, చేతులు కడుక్కున్నారు. గంట కొట్టగానే ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళు పోవలసినవాళ్ళు అందరూ ఆవిరిపెట్టె దగ్గరికి నడిచి, దాని చుట్టూ కూర్చున్నారు. కళ్ళానికి రానివాళ్ళు కాసేపు దూరంగా నిలబడి చూశారు. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చి కూర్చున్నారు. సుమ వంగి, ఫోను లైటు వేసి పిడి వెనక్కి చూసింది. కడ్డీ ఉండాల్సిన చోట బొటనవేలంత మొద్దు మిగిలింది. పిడి లాగకుండానే చక్రం తిరిగేలా రంపంతో కోసి, కోత కనబడకుండా నీలం రంగు పూశారు. ముందువైపు మూడు ముళ్ళూ అలాగే ఉన్నాయి, పసుపు కాస్త వెలిసింది. రెండూ కనబడేలా వీడియో తీసి, అక్కడినుంచే వందమందికి పంపింది.

మేనేజరు మొదట బతిమాలాడు, తర్వాత బూతులు తిట్టాడు. క్రేన్ నడిపే మనిషి చింతామణివాడు. ఆడవాళ్ళ మీదుగా కొక్కెం దింపనని ఇంజిన్ ఆపేసి బీడీ ముట్టించుకున్నాడు. పదింటికి పోలీసులు వచ్చారు. దారం కట్టింది ఎవరని ఇన్‌స్పెక్టరు అడిగాడు. చిక్కమ్మ లక్ష్మీనరసమ్మ కొంగు పట్టి లాగింది గానీ ఆమె విడిపించుకుని లేచింది.

"నేనే సార్. రాసుకోండి. కట్టింది నేనని రాయండి, నలభై దినాలు తెగలేదని కూడా రాయండి. రెండూ రాస్తేనే సహి చేస్తా."

రెండోది రాయలేదు. ఆమె సహి చెయ్యలేదు. నిర్లక్ష్యంతో మనిషిని చంపిందని ఒక కేసు, కంపెనీ పని ఆపించిందని ఇంకొకటి పెట్టి జీపు ఎక్కించారు. కడ్డీ కోయించినవాడు ఏసీ గదిలో కూర్చున్నాడు, దారం కట్టినామె జీపులో కూర్చుంది. మన దేశంలో చట్టం దారి ఎప్పుడూ ఇంత తిన్నగానే ఉంటుంది.

జీపు గేటు దాటుతుంటే ఎదురుగా తిమ్మక్క వస్తోంది. వీడియో చూపించడానికి అప్పటికే ఆమె ఇంటికి ఎవరో పోయినట్టున్నారు. జీపు పక్కన ఒక్క క్షణం నిలబడి కమ్మీల్లోంచి లక్ష్మీనరసమ్మ చెయ్యి పట్టుకుంది. నేరుగా లోపలికి పోయి, ఆవిరిపెట్టె ముందు లక్ష్మీనరసమ్మ లేచిన ఖాళీలో కూర్చుంది. భర్త కూలిన చోట కూర్చున్న మనిషిని లాగడానికి ఏ కానిస్టేబులుకూ చెయ్యి రాలేదు. ఆ రోజు క్రేన్ ఖాళీగా వెనక్కి పోయింది.

చిక్కబళ్ళాపుర జైల్లో లక్ష్మీనరసమ్మకు నిద్ర లేదు. బయట ఆడవాళ్ళు ఎన్నాళ్ళు కూర్చోగలరు? పస్తులతో ఒక్కొక్కరే లేచిపోతారు, పెట్టె తునకలై పాత ఇనుము కింద గుజరీకి పోతుంది, తన దారం దాంతోపాటే పోతుంది అనుకుంటూ గోడకేసి చూస్తూ గడిపింది. ఆరో రోజు చిక్కమ్మ చూడడానికి వచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి, గొంతు బొంగురుపోయింది. కమ్మీల అవతల నిలబడి ముందు చెడ్డ కబుర్లే చెప్పింది. కంపెనీ గేటుకు తాళం వేసింది, పదిమంది సహి చేసేశారు, జామీను ఇంకా దొరకలేదు. పెట్టె మాత్రం అక్కడే ఉంది, తాళం లోపలే కూర్చున్న తిమ్మక్క కదలడం లేదు.

తర్వాత కమ్మీల దగ్గరికి జరిగింది.

"మన రోడ్డుకు అవతలి కంపెనీ ఉండాది చూడు. వాళ్ళకు మూడు పెట్టెలు. వీడియో చూసినారు. నిన్న పొద్దున పనికి పోతూనే ఆ ఆడోళ్ళు మూడిటి పిడికీ పసుపుదారం కట్టినారు. సూపర్‌వైజరు పూజ చేస్తాండారనుకుని ఊరకుండినాడు. సాయంత్రం పోయి చూస్తే రెండు దారాలు కట్టినవి కట్టినట్లే ఉండాయి. ఆ రెండు పెట్టెల దగ్గరికి ఈ పొద్దు ఒక్కరూ పోలేదు. గేటు కాడ కూర్చోనుండారు, నీ పేరు చెప్పి అరుస్తాండారు. బాగేపల్లి పక్క నుంచి కూడా అంబరీష్‌కు ఫోన్లు వస్తాండాయి, దారం ఎట్ల కట్టాలని."

లక్ష్మీనరసమ్మ కమ్మీలు రెండు చేతులా పట్టుకుంది.

"మూడో పెట్టెది?"

"తెగిపోయింది," అంది చిక్కమ్మ. "మొదటి ఈలకే తెగిపోయిందంట."

పసుపుదారం తెగిందని విని సంతోషపడడం లక్ష్మీనరసమ్మకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.