పక్క సీటు బ్రేకు

మా కందిరీగ డ్రైవింగు పరీక్ష రెండోసారి తప్పిన రోజు నేను రాత్రి దాకా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. బెంగతో కాదు, ఒళ్లు మండి. ఇరవై మూడేళ్లుగా ఊళ్లో వాళ్లకి కారు నేర్పి బతుకుతున్నవాణ్ని. స్టీరింగు పట్టుకోగానే కళ్లు మూసుకునే పంతులమ్మకు నేర్పాను. కుడీ ఎడమా తెలియక చేతికి దారం కట్టుకొచ్చిన పళ్ల డాక్టరుకు నేర్పాను. వాళ్లంతా ఇప్పుడు నాకే హారన్ కొట్టి మరీ దాటిపోతుంటారు. అలాంటిది నా కన్నకూతురు తప్పడం, అదీ రెండుసార్లు తప్పడం నాకు తల కొట్టేసినట్టయింది.

కందిరీగ అన్నది చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చునేది కాదని నేను పెట్టిన పేరు. ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్లు. పుస్తకం చేతికిస్తే మాత్రం పూట గడిచినా కదలదు. బడి బడికీ తిరిగే పుస్తకాల బండి నడపడానికి గ్రంథాలయం వాళ్లు దాన్ని ఎంపిక చేశారు. బండి తనే నడపాలి, పిల్లలకు పుస్తకాలు తనే ఇవ్వాలి. ఆ కబురు వచ్చిన రోజు వంటింట్లో వాళ్లమ్మ నడుం పట్టుకుని గిర్రున తిప్పేసింది. అయితే ఒకటో తారీఖులోగా లైసెన్సు చూపించాలి. లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది. ఇంక మిగిలింది ఒక్క పరీక్ష, దానికి పదకొండు రోజులు.

రెండుసార్లూ పరీక్ష అధికారి కాగితం మీద ఒకే మాట రాశాడు. బ్రేకు ఆలస్యం.

"అబద్ధం," అన్నాను కాగితం బల్ల మీద పడేస్తూ. "నా పక్కన నడిపినప్పుడు ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు."

మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. తలెత్తకుండానే, "మీ పక్కన నడిపినప్పుడు సరేనండీ. పరీక్షలో పక్కన మీరుండరు కదా," అంది.

ఆవిడ మాటలు ఎప్పుడూ ఇంతే. విన్నప్పుడు చెవికెక్కవు, తర్వాత తీరిగ్గా గుచ్చుకుంటాయి.

నేర్పే కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్పేవాడి కోసం. చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజే చెబుతాను: "నా కాలి కింద బ్రేకు ఉంది. కానీ లేదనుకుని నడపండి. ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని ముట్టుకోను." నిజంగానే ముట్టుకోను. పళ్ల డాక్టరు కారుని తిన్నగా చెత్తకుండీ మీదికి తీసుకెళ్తుంటే కూడా చివరిదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ నిబ్బరానికి నాకు ఊళ్లో కాస్త పేరు కూడా ఉంది.

మర్నాడు కారుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతనూ నా దగ్గర నేర్చుకున్నవాడే. నా వైపు తలుపు తీసి, వంగి చూసి, బ్రేకు పెడలుకుండే రబ్బరు ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. గీతలన్నీ అరిగిపోయి, మధ్యలో పలచబడి, వేలితో నొక్కితే చిల్లు పడేలా ఉంది.

"గురువుగారూ, ఇది వేసి ఎన్నాళ్లయింది?"

"నువ్వే కదయ్యా వేశావు. నాలుగు నెలలు."

"దీని ముందుది ఆరేళ్లు వచ్చింది. ఈమధ్య ఎవరికి నేర్పుతున్నారేంటి? మిమ్మల్ని అంతలా హడలగొడుతున్నారా?"

ఆ నాలుగు నెలల్లో నా దగ్గర కొత్తగా చేరింది మా కందిరీగ ఒక్కతే. ఆ రబ్బరు జేబులో వేసుకున్నాను.

కొత్త రబ్బరు వెయ్యమని కారు అక్కడే వదిలి ఇంటికి నడుస్తుంటే నా కుడికాలి మీద నాకే అనుమానం వేసింది. తొక్కాలని అనుకుని తొక్కిన గుర్తు ఒక్కటీ లేదు. కానీ కందిరీగ కారు కదిలించిన దగ్గర్నుంచీ నా పిక్క బిగుసుకునే ఉంటుందన్న సంగతి మాత్రం గుర్తొచ్చింది. రాత్రిళ్లు కాలు లాగుతోందని మా ఆవిడ చేత నూనె కూడా రాయించుకునేవాణ్ని.

కందిరీగకు ఏడేళ్లప్పుడు సైకిలు నేర్పాను. సీటు వెనక పట్టుకుని పరుగెత్తి పరుగెత్తి, ఇంక వచ్చేసిందిలే అని వదిలేశాను. పది గజాలు పోయి గోడకి కొట్టుకుంది. గడ్డం పక్కన మూడు కుట్లు పడ్డాయి. అది వారం తిరక్కుండా మళ్లీ సైకిలెక్కింది. నేను మాత్రం ఆ రోజు దగ్గరే ఆగిపోయాను. పక్క సీట్లో కూర్చుంటే నాకు రోడ్డు కంటే ముందు ఆ మచ్చ కనిపిస్తుంది.

సాయంత్రం ఆ రబ్బరు తీసి, కందిరీగ చదువుకుంటున్న పుస్తకం మీద పెట్టాను.

"ఏంటిది?"

"నా వైపు బ్రేకుది. నాలుగు నెలల్లో ఇలా అయింది."

అటూ ఇటూ తిప్పి చూసింది గానీ ఆశ్చర్యపోలేదు. "నువ్వు తొక్కుతావని నాకు తెలుసు నాన్నా."

"తెలిసీ చెప్పవేం?"

"అందరికీ అలాగే తొక్కుతావనుకున్నా." రబ్బరుని వేలితో రుద్దుతూ అంది. "నువ్వు తొక్కలేదంటే భయం లేదన్నమాట అనుకునేదాన్ని. నిన్న పరీక్షలో ఒక ముసలాయన రోడ్డు మీదికి దిగుతున్నాడు. కనిపిస్తూనే ఉన్నాడు. కానీ కారు నెమ్మదించలేదు కదా, ఇంకా టైముందేమో అనుకున్నా. చివరికి ఆ ఆఫీసరే తొక్కాడు."

ఇన్నాళ్లూ దానికి రోడ్డు చూడటం నేర్పుతున్నాననుకుంటున్నాను. అదేమో నా కాలి కోసం చూస్తూ కూర్చుంది. రెండుసార్లూ తప్పింది నేనన్నమాట.

"నాదే పొరపాటమ్మా," అన్నాను. కూతురికి ఆ మాట చెప్పడం ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాణ్ని. పక్క గదిలో మా ఆవిడ అల్మరా తలుపు చప్పుడు కాకుండా వేసింది. అన్నీ విన్నదన్నమాట.

మర్నాడు పొద్దున్నే మార్కెట్టు వెనక ఖాళీ రోడ్డు మీదికి వెళ్లాం. చెప్పులు విప్పి, పక్క సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నా పొట్టకీ, నా మోకాళ్లకీ అదెంత గొప్ప పనో చెప్పినా మీరు నమ్మరు.

"కాళ్లు దించు నాన్నా, భయమేస్తోంది."

"నాకూ వేస్తోంది. పోనియ్."

మొదటి మలుపులో ఎంత గట్టిగా తొక్కిందంటే, నీళ్ల సీసా ఎగిరి నా ఒళ్లో పడింది. రెండో మలుపులో మరీ ముందే తొక్కి, రోడ్డు మధ్యలో ఆపేసి నా మొహంలోకి చూసింది. "నా మొహం మీద లైట్లేమీ వెలగవు, ముందుకు చూడు," అన్నాను. నాలుగో రోజు నుంచి బజారులోకి తీసుకెళ్లాను. ఆటో అడ్డమొచ్చినా, కుక్క అడ్డమొచ్చినా కాళ్లు కదపలేదు, పిడికిళ్లు మాత్రం బిగించుకుని కూర్చున్నాను. తొమ్మిదో రోజుకి నీళ్ల సీసా మూత లేకుండా పెట్టినా ఒలకలేదు. నా కాళ్లు మాత్రం రోజూ తిమ్మిరెక్కేవి. కారు దిగి ఇంటి దాకా కుంటుకుంటూ వస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వేది.

పరీక్ష రోజు మా కారులోనే, నా సీట్లో ఆ అధికారి కూర్చున్నాడు. నేను ఆఫీసు గోడ పక్కన బెంచీ మీద కూలబడ్డాను. ఇరవై ఐదు నిమిషాలు గడిచాక వీధి చివర కారు కనిపించింది. అదే సమయానికి ఆఫీసు గేటులోంచి ఒకామె పిల్లాణ్ని చంకనేసుకుని, ఫోను చూసుకుంటూ సరాసరి రోడ్డు మీదికి దిగింది.

నా కుడికాలు దానంతట అదే లేచి నేలను ఒక్క తన్ను తన్నింది.

అప్పటికే కారు ఆగి ఉంది. కుదుపు లేదు, చప్పుడు లేదు. ఆ తల్లికి కారు వచ్చిన సంగతే తెలియదు. కందిరీగ రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచి, ఆమె దాటేదాకా ఓపిగ్గా చూస్తోంది. ఈసారి ఆలస్యమైంది నాకే.

నాకు ఏడుపొచ్చింది. బెంచీ మీద పక్కన కూర్చున్నాయన చూస్తాడని చెప్పు సవరించుకుంటున్నట్టు వంగాను.

అధికారి కాగితం మీద ఈసారి ఆ మాట లేదు. సంతకం ఉంది, ముద్ర ఉంది. కందిరీగ దాన్ని నా చేతికిచ్చి, నా కోసం పక్క సీటు తలుపు తీసి పట్టుకుంది. "ఎక్కు నాన్నా, ఇంటికి తీసుకెళ్తా."

ఎక్కి, అలవాటు కొద్దీ చెప్పులు విప్పబోయాను.

"కాళ్లు కిందే పెట్టుకో," అంది తాళం తిప్పుతూ. "ఇంక ఫరవాలేదు."

పెట్టుకున్నాను. ఇంటి దాకా నేను రోడ్డు చూడనే లేదు, దాని మొహమే చూస్తూ కూర్చున్నాను.