సాంబ్రాణి నిప్పులు

కుంపట్లో బొగ్గులు రాజుకున్నాయో లేదో చూడమని అత్తగారు భ్రమరాంబ పెరట్లోంచి కేకేసింది. కృష్ణప్రియ చూసింది. బాగానే రాజుకున్నాయి. ఏడో నెల్లోనే పుట్టి, నెలన్నర గాజుపెట్టెలో ఉండి, నిన్ననే గుడివాడ ఆసుపత్రి నుంచి బందరులోని ఇంటికి వచ్చిన పాపకి ఇవాళ మొదటి స్నానం. సాంబ్రాణి పట్టకపోతే భ్రమరాంబ దృష్టిలో అది స్నానమే కాదు.

"డాక్టరుగారు ఏ పొగా తగలనివ్వద్దన్నారత్తయ్యా."

"సాంబ్రాణి కూడా పొగేనటే? మా ఆదిత్యకి పట్టలేదూ? రాయిలా ఉన్నాడు. అయినా మీ అమ్మ నిన్నూ ఎనిమిదో నెల్లోనే కంది. మీ వంశంలో ఉన్నదానికి సాంబ్రాణి ఏం చేస్తుంది?"

పాప పుట్టినప్పటి నుంచీ ఇదే మాట. నిజమే కావచ్చు, అదే బాధ. తల్లికి అలా జరిగితే కూతురికీ జరిగే అవకాశం ఉంటుందని డాక్టర్ ఇంద్రజ చెప్పగానే అందరూ తన వైపే తిరిగారు. ఆవిడ అక్కడితో ఆపలేదు. ఇదీ కారణమని ఒక్కటే చెప్పలేమమ్మా, పొగ, ఎండ, విశ్రాంతి లేని పని, ఏదైనా తోడవ్వచ్చు అంది. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అని అడిగితే, జేబులో పెట్టె పెట్టుకునే "అబ్బే, లేదండీ" అన్నాడు ఆదిత్య. ఏసీ గదిలో తలుపులేసుకుని, కడుపుతో ఉన్న మనిషి పక్కనే కూర్చుని కాల్చిన మొగుడు. కిటికీ తీయమంటే చల్లదనం పోతుందనేవాడు. నొప్పులు మొదలైన రోజు దాకా ఆమె బస్సులో నిలబడి, పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళింది, వచ్చి వంట చేసింది. అదంతా ఎవరి వంశంలో ఉందో ఎవరూ అడగలేదు.

స్నానం కాగానే భ్రమరాంబ నిప్పుల మీద సాంబ్రాణి చల్లింది. గదంతా పొగ కమ్ముకుంది. పాప ఏడవలేదు, ఏడ్చే శక్తి దానికెక్కడిది? ఊపిరందక పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోయింది.

"కంగారుపడకు, మేమంతా పెరగలేదూ?" అంటూ గుమ్మంలో ఆదిత్య అగ్గిపుల్ల గీశాడు.

కృష్ణప్రియ వాళ్ళిద్దరినీ తోసుకుని పాపతో పెరట్లోకి పరుగెత్తింది. చాలాసేపటికి గాని పాప ఊపిరి కుదుటపడలేదు. ఇంతలో భ్రమరాంబ కుంపటి తెచ్చి పక్కనే దించింది, ఇంకాస్త పట్టాలంటూ. కృష్ణప్రియ చెంబెడు నీళ్ళు అందులో కుమ్మరించింది.

"అయ్యో, అపచారం!"

"నా రక్తంలో ఏముందో అది నేను తీసెయ్యలేనత్తయ్యా," అంది కృష్ణప్రియ. "ఇంట్లో పొగ మటుకు తీసెయ్యగలను. ఇవాళ్టి నుంచి పాప గదిలోకి సాంబ్రాణి రాదు. మీ అబ్బాయి కూడా రాడు."